కరువు, ధూళి తుఫాన్లు: ఎర్రమట్టి దిబ్బల దగ్గర నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

భూగోళం పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. చలికాలం ఆదివారాల్లో విశాఖ నుంచి భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు పిల్లల్ని తీసుకెళ్తుంటాను. అక్కడి గాలీ మట్టీ చూశాక వాళ్ళూ, వాళ్ళతో వచ్చే అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలు ఏటా ఇంచుమించు అవే. ప్రతిసారీ గొంతు చించుకోలేక ఇలా రాసిపెట్టాను. నా పాఠంలాగే కొన్ని జవాబులు దారి తప్పి తిరిగొస్తాయి, ఓపిక పట్టండి.

మాస్టారూ, కరువొస్తే ధూళి తుఫాను వచ్చినట్టేనా?

కాదు. కరువు పైనుంచి వస్తుంది, దుమ్ము కిందినుంచి లేస్తుంది. రెండూ కలవాలంటే నేల ఎండిపోయి ఉండాలి, పైన గడ్డో పైరో లేకుండా బోడిగా, పొడిపొడిగా దున్ని ఉండాలి, అడ్డులేని గాలి వీయాలి. వాన లేకపోవడం మన చేతిలో లేదు. గాలీ మన మాట వినదు. నేలకు కప్పు ఉందా లేదా అన్నది మాత్రం చాలావరకు మన పనే. కింద చెప్పబోయే కథలన్నీ ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి.

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం మీ తాతల దగ్గర చూసే ఉంటారు. చేట ఎత్తి గాలికి వదిలితే తాలు దూరంగా పోతుంది, గింజ కాళ్ళ దగ్గర పడుతుంది. పొలాన్నే గాలి తూర్పారబడితే లెక్క తిరగబడుతుంది. ఎగిరిపోయేది సన్నటి మట్టి, కుళ్ళిన ఆకుల సారం. మిగిలేది గరుకు ఇసుక. అంటే గింజ పోయి తాలు మిగులుతుంది.

గాలి మట్టిని అసలెలా ఎత్తుకుపోతుంది?

మూడు రకాలుగా. లావు ఇసుక రేణువులు నేల మీద దొర్లుతాయి. మధ్యరకంవి, అంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండేవి, మంగలంలో పేలాల్లా గెంతుతాయి. అంతకన్నా సన్నవి పైకి లేచి వందల, వేల కిలోమీటర్లు పోతాయి. అసలు తంటా ఆ గెంతే రేణువులతోనే. ఒక్కోటీ కింద పడ్డప్పుడల్లా నేల పైపెచ్చును కొట్టి, దానికి అంటుకున్న సన్నటి ధూళిని లేపుతుంది. అందుకే ఓ పొలం ఎగరడం మొదలైతే పక్క పొలమూ అంటుకుంటుంది, పూరిళ్ళ మంట లాగా.

అమెరికాలో డస్ట్ బౌల్ అంటారు కదా, అదేమిటి?

దీనికి జవాబు పొడుగు. నీడ చూసుకుని కూర్చోండి.

అమెరికా నడుమ ఉత్తరం నుంచి దక్షిణం దాకా పెద్ద మైదానాలున్నాయి. వాటి దక్షిణ భాగంలో, అంటే ఓక్లహోమా, టెక్సాస్, కాన్సాస్, కొలరాడో, న్యూ మెక్సికో కలిసే చోట, వాన తక్కువ, గాలి ఎక్కువ. వేల ఏళ్ళుగా ఆ నేలను పట్టి ఉంచింది పొట్టి గడ్డి. దాని వేళ్ళు చాప అల్లినట్టు మట్టిని అల్లుకుని ఉండేవి. కరువులు అప్పుడూ వచ్చాయి. పైన గడ్డి మాడినా కింద చాప ఉండేది.

1862 చట్టం కింద ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు, 1909 నుంచి మెట్ట ప్రాంతాల్లో 320 ఎకరాలు ఇచ్చి జనాన్ని అక్కడికి రప్పించారు. నాగలి పోయిన చోటికి వాన తనే వెంట వస్తుందని అప్పట్లో గట్టిగా నమ్మబలికారు. నవ్వకండి, కొన్నేళ్ళు వరసగా మంచి వానలు పడితే ఎవరైనా నమ్ముతారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, గోధుమ ధర బుషెల్‌కు 2 డాలర్లు దాటింది. బుషెల్ గోధుమంటే మన లెక్కన 27 కిలోలు. ట్రాక్టర్లు వచ్చాయి. మట్టిని పిండిలా చేసే డిస్కు నాగళ్ళు వచ్చాయి. గడ్డి నేలలు లక్షల ఎకరాల్లో తిరగబడ్డాయి. పొలం దున్ని విత్తి పట్నం వెళ్ళిపోయి, కోతకు మాత్రం దిగే బాపతు సేద్యగాళ్ళూ తయారయ్యారు. వాళ్ళను అక్కడి జనం ‘సూట్‌కేసు రైతులు’ అనేవారు.

1930ల మొదట్లో ధర 40 సెంట్ల కిందికి పడిపోయింది. ధర పడితే రైతు ఏం చేస్తాడు? అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ దున్నుతాడు. అక్కడా అదే జరిగింది. సరిగ్గా అప్పుడే వానలు ఎగ్గొట్టాయి. 1930-31, 1934, 1936, 1939-40: దెబ్బ మీద దెబ్బ. పైరు మొలవలేదు, గడ్డి ఎప్పుడో పోయింది, బోడి నేల మిగిలింది.

1934 మేలో లేచిన ఒక తుఫాను మైదానాల మట్టిని న్యూయార్క్, వాషింగ్టన్ దాకా మోసుకుపోయింది. అట్లాంటిక్‌లో ఓడల డెక్కుల మీద కూడా దుమ్ము పడింది. 1935 ఏప్రిల్ 14, ఆదివారం. పొద్దున ఆకాశం నిర్మలంగా ఉందని జనం కిటికీలు తెరిచి ఇళ్ళు దులుపుకున్నారు, చర్చిలకు పోయారు. మధ్యాహ్నం దాటాక ఉత్తరం దిక్కునుంచి నల్లటి గోడ కదిలొచ్చింది, దానికి ముందు పక్షులు గుంపులుగా పారిపోతూ వచ్చాయి. పట్టపగలు తమ చెయ్యి తమకే కనిపించలేదని బతికినవాళ్ళు చెప్పుకున్నారు. అది ‘నల్ల ఆదివారం’గా మిగిలింది. మర్నాటి వార్తలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్ వాడిన మాటే ‘డస్ట్ బౌల్’, అంటే దుమ్ము గిన్నె. అదే పేరు నిలిచిపోయింది.

దెబ్బతిన్న నేల సుమారు 10 కోట్ల ఎకరాలు. ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లు.

ఆ ఇళ్ళల్లో ఎలా బతికారు?

కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవాళ్ళు. కంచాలు బోర్లించి, అన్నం వడ్డించే క్షణంలో తిప్పేవాళ్ళు. దుమ్ము రాపిడికి గాల్లో కరెంటు పుట్టి ముళ్ళతీగల మీద నిప్పురవ్వలు లేచేవి, కార్లు ఆగిపోయేవి, అందుకని కారు వెనక నేలకు తగిలేలా గొలుసు వేలాడదీసేవాళ్ళు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పిల్లలూ ముసలివాళ్ళూ చచ్చిపోయారు. ఆ జబ్బుకు ‘డస్ట్ న్యుమోనియా’ అని పేరే పెట్టారు.

అందరూ కాలిఫోర్నియాకి వలసపోయారా?

మైదాన రాష్ట్రాల నుంచి ఆ పదేళ్ళలో దాదాపు 25 లక్షల మంది కదిలారని లెక్క. కానీ దుమ్ము గిన్నె నడిబొడ్డున కూడా ఎక్కువమంది కదల్లేదు, పళ్ళు బిగించి అక్కడే ఉన్నారు. వలసపోయిన వాళ్ళ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఉండిపోయిన వాళ్ళకు అంత పేరు రాలేదు.

చివరికి ఎలా ఆగింది?

వాన పడి ఆగింది అంటే సగం నిజం. మిగతా సగం హ్యూ హామండ్ బెన్నెట్ అనే నేల శాస్త్రవేత్త పట్టుదల. వాషింగ్టన్‌లో సెనేటర్ల ముందు మాట్లాడుతూ, పడమటి నుంచి దుమ్ము వస్తోందని ముందే కబురంది, అది కిటికీ దాకా వచ్చేవరకు మాటలు సాగదీశాడని చెప్పుకుంటారు. పాఠం చెప్పేవాళ్ళకు ఇంతకన్నా మంచి బోధనా పరికరం దొరకదు. నల్ల ఆదివారం గడిచిన 13 రోజులకు, 1935 ఏప్రిల్ 27న, నేల సంరక్షణ చట్టం వచ్చింది.

చేసిన పనులు చూస్తే మన మెట్ట రైతుకు కొత్తవేం కావు. వాలుకు అడ్డంగా దున్నడం. గాలికి అడ్డంగా బోదెలు తోలడం. పంట కోశాక మోళ్ళు పీకకుండా వదిలేయడం. కొంత నేలను మళ్ళీ గడ్డికి ఇచ్చేయడం. ఇలా చేసిన రైతుకు ఎకరానికి డాలరు చొప్పున ఇచ్చారు. ఉత్తర డకోటా నుంచి టెక్సాస్ దాకా 1942 నాటికి 22 కోట్ల చెట్లు వరసలుగా నాటారు. 1938 నాటికే, వానలు ఇంకా తేరుకోకముందే, ఎగిరే మట్టి 65 శాతం తగ్గిందని లెక్కగట్టారు. ఆకాశం మారకుండానే దుమ్ము తగ్గింది, చూశారా.

ఆ పాఠం మిగతా దేశాలు నేర్చుకున్నాయా?

సోవియట్ యూనియన్ నేర్చుకోలేదు. 1954లో క్రుశ్చేవ్ కజకిస్థాన్, సైబీరియాల బీడు గడ్డి నేలల్ని దున్నమన్నాడు. ఆరేడేళ్ళలో 4 కోట్ల హెక్టార్లు తిరగబడ్డాయి. 1956లో బంగారు పంట పండింది, 1963 నాటికి దుమ్ము, కరువు, ధాన్యం దిగుమతి. అక్కడా బారాయెవ్ అనే శాస్త్రవేత్త, పైమట్టి తిరగబడకుండా మోళ్ళు నిలబెట్టే దుక్కి చేయమని మొత్తుకున్నాడు. నష్టం జరిగాక విన్నారు.

మధ్య ఆసియాలోని అరల్ సముద్రానిది ఇంకో రకం. పత్తి కోసం దాని నదులు రెండింటినీ 1960ల నుంచి మళ్ళించారు. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు, ఇప్పుడు పదో వంతు మిగిలింది. ఎండిన అడుగునుంచి లేచేది ఉప్పూ పురుగుమందూ కలిసిన దుమ్ము. ఆస్ట్రేలియాలో 2009 సెప్టెంబరు 23న సిడ్నీ నగరం ఎర్రగా తెల్లవారింది, లోపలి ఎండు నేలల మట్టి అది.

మన తెలుగు నేల మీద పెద్ద కరువులు ఏవి?

పేర్లే కథ చెబుతాయి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతంలో వచ్చింది ‘డొక్కల కరువు’. డొక్కలు ఎండి ఎముకలు బయటపడ్డ మనుషుల్ని చూసి పెట్టిన పేరు. నందన కరువనీ, ముష్టి కరువనీ కూడా అన్నారు. గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో కనీసం లక్షన్నర మంది పోయారు. మన నిఘంటువు బ్రౌన్ దొర అప్పుడు అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. ప్రభుత్వానికి రాసిన ఉత్తరంలో ‘కరువు’ అన్న మాట వాడినందుకు మద్రాసు నుంచి మందలింపు వచ్చింది. వాళ్ళ దృష్టిలో అది ‘కొరత’ మాత్రమే. మాటల విలువ తెలిసినవాడికే ఆ చీవాట్లు పడ్డాయి, నాకది ఎప్పుడు చదివినా మింగుడుపడదు. ఆ కరువు దెబ్బ తర్వాతే డెల్టాకు నీళ్ళు కావాలన్న మాట బలపడింది. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది.

1866లో ఒడిశా కరువు మన పొరుగున గంజాం దాకా పాకింది. గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఒడిశాలో మూడో వంతు జనం పోయారంటారు. అదే ఏడు కర్నూలు వైపు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. రాయలసీమలో ఆయన మీద ఇప్పటికీ పాట పాడతారు.

అన్నిటికన్నా పెద్దది 1876-78, ధాత నామ సంవత్సరంలో మొదలైన ‘ధాత కరువు’. బళ్ళారి, కర్నూలు, అనంతపురం, కడప మాడిపోయాయి. దక్షిణ భారతంలో చనిపోయినవాళ్ళు అరకోటికి పైనే. వానలు పోవడానికి కారణం పసిఫిక్‌లో పుట్టిన బలమైన ఎల్ నినో, అంటే అక్కడి సముద్రపు నీళ్ళు మామూలుకన్నా వేడెక్కడం. జనం పోవడానికి కారణం అదొక్కటే కాదు. కరువు సాయం చూడమని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికొచ్చిన మగవాడికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే మన అరకిలో కూడా లేదు, రాళ్ళు కొట్టే మనిషికి! మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఇది చావు కూలి అని పోట్లాడాడు. దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమ ఓడలు ఆగలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిగారి పేరిట జరిగిన దర్బారూ ఆగలేదు. ఆ తర్వాతే కమిషను వేసి, 1880లో నివేదిక తెచ్చి, కరువు నియమావళి రాశారు. తీరం వెంట పోయే బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు నగరం ముక్కను తవ్వింది కూడా ఆ కరువు కూలీలే.

మరి ఆ కరువుల్లో అమెరికాలో లాగా దుమ్ము ఎందుకు లేవలేదు?

మంచి ప్రశ్న. దీన్ని పిల్లలే అడుగుతారు, పెద్దవాళ్ళు అడగరు. మన సేద్యం చిన్న చిన్న కమతాల్లో సాగింది. గట్లున్నాయి, గట్టు మీద తుమ్మ, తాటి, వేప ఉన్నాయి. ఎడ్ల నాగలి నేలను గీరుతుందే గానీ పిండి చేయదు. జొన్నలో కంది, సజ్జలో అలసంద కలిపి చల్లేవారు, ఒకటి పోయినా ఇంకోటి నేలను కప్పేది. మనకు కరువు జనాన్ని మింగింది, నేల చాలావరకు మిగిలింది.

అసలు లేవలేదని మాత్రం అనకండి. అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్ వైపు ఎప్పుడైనా వెళ్తే చూడండి, రాజస్థాన్‌లోకి వచ్చామా అనిపించే ఇసుక దిబ్బలున్నాయి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. వెడల్పాటి ఇసుక ఏరు, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే ఉంటుంది. జూన్ నుంచి నైరుతి గాలి బలంగా వీస్తుంది. పడమటి కనుమలు వానను ముందే పిండేసుకోవడం వల్ల ఇక్కడికి వచ్చేది ఉత్త గాలే. అదే గాలికి ఆ జిల్లాలో గాలిమరలు తిరుగుతున్నాయి, అదే గాలి హగరి ఇసుకను ఎత్తి తూర్పు ఒడ్డు పొలాల మీద మేట వేస్తోంది. బ్రిటిషువాళ్ళ కాలం నుంచీ ఈ బాధ ఉంది.

దీనికి తోడు వేరుశనగ. నేను ఆ పంటను తిట్టడం లేదు, అనంత రైతుకు అన్నం పెట్టింది. కానీ దాన్ని కోయరు, పీకుతారు. పీకాక నేల గుల్లబారి బోడిగా మిగులుతుంది. ఏటా అదే పంట, లక్షల ఎకరాల్లో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మీద. పై కథతో పోల్చి చూసుకోండి.

ఎల్ నినో వచ్చిందంటే ఆ ఏడు కరువే కదా?

టీవీ వాళ్ళ మాట అది. 1997లో ఎల్ నినో చాలా బలంగా వచ్చింది, మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. 2002లో అంత బలమైనది కాదు, అయినా జులై వాన సగానికి సగం పైనే పడలేదు, దేశం మొత్తం మీద ఆ ఏడు లోటు 19 శాతం. 2009లో 22. ఎల్ నినో కరువు అవకాశాన్ని పెంచుతుంది, అంతే.

విశాఖకు ధూళి తుఫాను వస్తుందా?

ఉత్తరాదిలో వచ్చేలాంటిది రాదు. అక్కడ 2018 మే మొదటి వారంలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఒక్క రాత్రి దుమ్ముగాలికి వందమందికి పైగా పోయారు. మనకు సముద్రం పక్కనుంది, ఏడాదికి ఇంచుమించు 1000 మిల్లీమీటర్ల వాన ఉంది, అదీ నైరుతి, ఈశాన్యం రెండు విడతల్లో. పడమట కొండలున్నాయి. వేసవి సాయంత్రం ఈదురుగాలి కాస్త దుమ్ము లేపి, నాలుగు చినుకులు రాల్చి పోతుంది. మన భయం తుఫానుది, హుద్‌హుద్ చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కరువు మాత్రం మనకు కొత్త కాదు. నగరంలో అది పొలంలో కనబడదు, కుళాయిలో కనబడుతుంది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ అడుగంటితే రోజు విడిచి రోజు నీళ్ళు. లోపలి మెట్ట ఊళ్ళ పాతవాళ్ళను కదిపితే చోళ్ళు, గంటెలు, సామల మీద గడిపిన ఏళ్ళు చెబుతారు. చోడంబలి ఇప్పుడు బీచ్ రోడ్డులో గ్లాసుల్లో అమ్ముతుంటే వాళ్ళకు నవ్వొస్తుంది.

మరి ఈ దిబ్బలు? ఇవి కూడా గాలి తెచ్చినవేనంటారు కదా?

అవును. మంచుయుగం చివర, ఇప్పటికి సుమారు 20 వేల ఏళ్ళ కిందట, సముద్రం చాలా వెనక్కి పోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు తోలింది, వానలు కిందికి దింపాయి, వేల ఏళ్ళలో ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. తర్వాత వాననీళ్ళు వాటిని లోతుగా కోసి ఈ లోయలు చేశాయి. భారత భూవిజ్ఞాన సర్వే వాళ్ళు 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మన చుట్టుపక్కల లేవు.

చెట్లు నాటేస్తే దుమ్ము ఆగిపోతుందా?

చెట్టు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. మన తీరం వెంట సరుగుడు, జీడిమామిడి, మొగలి పొదలు ఇసుకను పొలాల్లోకి రాకుండా ఆపుతున్నది అందుకే. కానీ మట్టిని పట్టి ఉంచేది గడ్డి, పైరు, కొయ్యకాళ్ళు. వాన చాలని చోట చెట్టు నాటి వదిలేస్తే మొదట చచ్చేది చెట్టే. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసేవాళ్ళు తొలకరికి ముందే, మే నెల ఎండలోనే, మట్టి పూత పూసిన నవధాన్యాల విత్తనాలు చల్లుతున్నారు. పడ్డ రెండు చినుకులకే అవి మొలిచి నేలను కప్పుతాయి. 365 రోజులూ నేల బోడిగా ఉండకూడదన్నది వాళ్ళ లెక్క.

మా కిటికీ ఊచల మీద రోజూ తేలే నల్లపొడి కూడా ఇలాంటిదేనా?

అది బొగ్గు. అది వేరే తరగతి, వేరే మాస్టారు.

దిబ్బల మీదనుంచి జారొచ్చా?

ప్రతి ట్రిప్పులోనూ కనీసం నలుగురు అడుగుతారు, ఇద్దరు అడక్కుండా జారేస్తారు. ఆ వాలు మీద గోరుతో గీకి చూడండి. పైన సన్నటి గట్టి పెచ్చు, దాని కింద పొడి ఇసుక. వానకి తడిసి ఎండి, తడిసి ఎండి ఏర్పడ్డ పెచ్చు అది. ఒకసారి జారితే అర మీటరు వెడల్పున చిరుగుతుంది, తర్వాతి వాన ఆ చిరుగులోనే దిగుతుంది, పైన గడ్డి దుబ్బు ఉంటే వేళ్ళతో సహా ఊడొస్తుంది. పోయినసారి ఒక పిల్లాడు జారి, లేచి, వెనక్కి చూసి, ‘మాస్టారూ, పెచ్చు మళ్ళీ అతుక్కుంటుందా?’ అన్నాడు. ఇద్దరం కలిసి పిడికెడు మట్టి అక్కడ అద్ది చూశాం. నిలవలేదు. గాలికి మా చెప్పుల మీద పడింది.